బరువు పనా, ఒంటి బరువా: మోకాళ్లను అరగదీసేది ఏది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 52 ఏళ్లు, ఎత్తు 168 సెం.మీ., బరువు 92 కిలోలు. పాతికేళ్లుగా నేల మీద టైల్స్ పరిచే పని. సిమెంటు బస్తాలు, టైల్స్ పెట్టెలు మోయడం కూడా అందులో భాగమే. రెండేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడివైపు ఎక్కువ. ఎక్స్‌రే చూసిన డాక్టర్ ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల అని చెప్పి ‘ముందు బరువు తగ్గండి’ అన్నారు. ఆయనేమో ‘ఇది పని వల్ల వచ్చిందే, నాతో పనిచేసేవాళ్లందరికీ ఉంది’ అంటున్నారు. ఎవరి మాట నిజం, పని మానిపించాలా అన్నది మీ ప్రశ్న.

ఇద్దరి మాటా నిజమే. అయితే ఒక సంగతి ఇద్దరూ వదిలేశారు. ఒంటి బరువూ పని భారమూ పడేది ఒకే కీలు మీద, ఒకే క్షణంలో. విడివిడిగా ఒక్కోటి చేసే నష్టాన్ని కలిపితే వచ్చేదానికంటే, రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు జరిగే నష్టం చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో మోకాలి అరుగుదలకు ఆపరేషన్ జాబితాలో ఉన్న 518 మందిని, అదే వయసులో ఉన్న ఇతరులతో పోల్చిన అధ్యయనం ఒకటి 2000లో వచ్చింది. పనిలో ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉండేవారిలో, గొంతుక్కూర్చునేవారిలో జబ్బు వచ్చే అవకాశం సుమారు 1.9 రెట్లు. 25 కిలోలు, ఆపైన బరువులు తరచూ ఎత్తేవారిలో 1.7 రెట్లు. అలా కూర్చోవడం, బరువులెత్తడం రెండూ ఉన్న పనుల్లో 3 రెట్లు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే అంకె) 30 దాటి, పనిలో మోకాళ్ల మీద కూర్చోవడమూ ఉన్నవారిని, బీఎంఐ 25 లోపు ఉండి అలాంటి పని చేయనివారితో పోలిస్తే మాత్రం అది 14.7 రెట్లకు చేరింది. నాన్నగారి బీఎంఐ 32.6. అంటే ఆయన సరిగ్గా ఈ చివరి గుంపులోనే ఉన్నారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండు కారణాలూ ఒకదాన్నొకటి పెంచుతున్నప్పుడు, ఏ ఒక్కదాన్ని కాస్త తగ్గించినా లాభం కూడా అదే తీరున ఎక్కువగా వస్తుంది.

కీలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తర్వాత చెప్పే జాగ్రత్తలకు అర్థం ఉంటుంది. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగాన, చిప్ప వెనక నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. గుజ్జు అని అందరూ అనేది దీన్నే. మందం చాలా చోట్ల 2 నుంచి 4 మి.మీ., చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ. అందులో 70 నుంచి 80 శాతం నీరే. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. బరువు పడినప్పుడు నీరు బయటికి వస్తుంది, బరువు తీసినప్పుడు కీలు ద్రవంలోని పోషకాలతో కలిసి లోపలికి వెళ్తుంది, నీళ్లలో ఉన్న స్పాంజిని నొక్కి వదిలినట్టు. అందుకే మృదులాస్థికి నడక కావాలి, కదలిక కావాలి. నొక్కి పట్టి గంటసేపు వదలకపోవడం దానికి పడదు. విరామం లేకుండా పదే పదే పరిమితికి మించి నొక్కడమూ పడదు.

నరాలు లేవు కాబట్టి అరుగుదల మొదలైన తొలి ఏళ్లలో నొప్పి తెలియదు. నొప్పి వచ్చేది కింద ఉన్న ఎముక నుంచి, కీలు చుట్టూ ఉన్న పొర వాచినప్పుడు, చుట్టుపక్కల కండరాలు, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్ల నుంచి. ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఖాళీ తగ్గినా నొప్పి అంతగా లేనివారు, ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేకపోయినా నడవలేనివారు ఉండేది ఇందువల్లే. ‘గుజ్జు మొత్తం అయిపోయింది, ఇక ఆపరేషనే’ అని ఒక్క ఫిల్మ్ చూసి తేల్చేస్తే తొందరపడినట్టే.

ఇక ఒంటి బరువు సంగతి. కృత్రిమ మోకాలి కీలు లోపలే సెన్సర్లు అమర్చి కొలిచిన లెక్కలున్నాయి. చదునైన నేల మీద నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలిపై పడే బలం ఒంటి బరువుకు సుమారు 2.6 రెట్లు. మెట్లు ఎక్కేటప్పుడు 3.2 రెట్లు, దిగేటప్పుడు దాదాపు 3.5 రెట్లు. 92 కిలోల మనిషి మెట్లు దిగుతుంటే ఒక్కో అడుగుకు 320 కిలోల ప్రాంతం. భుజాన 25 కిలోల బస్తా ఉంటే అది 400 దాటుతుంది. ఈ బలం కీలంతా సమంగా పంచుకోదు. మామూలు కాళ్లలోనే నడిచేటప్పుడు 60 నుంచి 70 శాతం లోపలివైపు భాగం మీద పడుతుంది. చీలమండలు రెండూ ఆనించి నిలబడినప్పుడు మోకాళ్ల మధ్య ఖాళీ కనిపిస్తే, అంటే దొడ్డికాళ్లు అయితే, లోపలివైపు వాటా ఇంకా పెరుగుతుంది. నాన్నగారిని ఒకసారి అలా నిలబెట్టి చూడండి. ఖాళీ ఉంటే బరువు తగ్గడం ఆయనకు మరింత అవసరం.

బరువు తగ్గితే లాభమెంతో కూడా కొలిచారు. స్థూలకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్న పెద్దవారిలో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గింది. నాన్నగారు 5 శాతం, అంటే 4.6 కిలోలు తగ్గారనుకుందాం. అడుగుకు 18 కిలోలకు పైగా తగ్గినట్టు. రోజుకు 5,000 అడుగులు వేస్తే ఒక్కో కాలికి 2,500. అంటే ఒక్క మోకాలు ఒక్క రోజులో మోసే మొత్తంలో 46 టన్నులు తగ్గుతుంది. ‘నాలుగు కిలోలు తగ్గితే ఏమొస్తుంది’ అని ఆయన అంటే ఈ లెక్క చెప్పండి.

కొవ్వు కేవలం మోసే బరువు మాత్రమే అయితే చేతివేళ్ల కీళ్లకు దానితో పని లేదు, వేళ్ల మీద ఎవరూ నడవరు కదా. కానీ అధిక బరువు ఉన్నవారిలో వేళ్ల కీళ్ల అరుగుదల కూడా ఎక్కువే కనిపిస్తుంది. కొవ్వు కణజాలం, ముఖ్యంగా పొట్ట చుట్టూ పేరుకున్నది, లెప్టిన్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఇవి కీలు పొరలో సన్నని మంటలాంటి వాపును ఎప్పుడూ రగుల్చుతూ, మృదులాస్థిని కరిగించే ఎంజైములను పెంచుతాయి. అంటే పగలంతా పని దెబ్బతీసిన పొరకు రాత్రి మరమ్మతు జరగాల్సిన సమయంలో, ఆ మరమ్మతుకే అడ్డుపడుతుంది అధిక కొవ్వు. రెండు కారణాలు కలిసినప్పుడు నష్టం అంతగా పెరగడానికి ఇదొక ముఖ్యమైన దారి.

పనిలో ఏది చెడ్డది అన్నది విడదీసి చూడాలి. ‘కష్టపడి పనిచేస్తే కీళ్లు అరుగుతాయి’ అన్నది సగం నిజమే. నడక, నిలబడి చేసే పనులు, మధ్యలో ఊపిరి తీసుకునే వీలున్న శ్రమ మోకాలికి అంత హాని చేయవు. సరదాకు మితంగా పరుగెత్తేవారి మోకాళ్లు, ఏ వ్యాయామమూ లేనివారి మోకాళ్లకంటే చెడిపోయిన దాఖలా లేదు. హాని చేసేవి మోకాలిని పూర్తిగా మడిచి ఎక్కువసేపు ఉంచడం, ఆ మడత నుంచి బరువుతో లేవడం, బరువుతో మెట్లు దిగడం, ఎత్తు నుంచి దూకడం. అలసిపోయిన కండరాలతో ఇవన్నీ రోజూ చేయడం అన్నిటికంటే చెడ్డది. తొడ ముందు కండరం కీలుకు షాక్ అబ్జార్బర్‌లా పనిచేస్తుంది. సాయంత్రానికి అది అలసిపోయాక ఎత్తే చివరి పది పెట్టెలు, పొద్దున ఎత్తిన పది పెట్టెలతో సమానం కావు.

టైల్స్ పనిలో జరిగే ఒక్క కదలికను దగ్గరగా చూడండి. మనిషి మడమల మీద పిరుదులు ఆనించి కూర్చుని టైల్ సరిచేస్తున్నాడు. మోకాలు దాదాపు పూర్తిగా మడిచి ఉంది. తొడ ఎముక వెనక్కి దొర్లి, కాలి ఎముక వెనక అంచు మీద ఆనింది. కీలు మధ్యలో మెత్తలా ఉండే మెనిస్కస్ వెనక కొస ఆ రెంటి మధ్య నలుగుతోంది. ఇప్పుడతను పక్కనున్న పెట్టెను పొట్టకు ఆనించుకుని, మెలి తిరుగుతూ, ఒక్క ఊపులో లేచాడు. ఆ లేవడంలో చిప్ప తొడ ఎముకను గట్టిగా అదుముతుంది, మెలి వల్ల నలుగుతున్న మెనిస్కస్ పక్కకు లాగబడుతుంది. ఒకసారి చేస్తే ఏమీ కాదు. రోజుకు వంద సార్లు, పాతికేళ్లు చేస్తే మెనిస్కస్ వెనక కొస పీచులా చీలిపోతుంది. మెనిస్కస్ దెబ్బతింటే బరువును పరిచి పంచే మెత్త పోయినట్టే. ఇక అదంతా మృదులాస్థిలో చిన్న చోట మీద పడుతుంది. డెన్మార్క్‌లో నేల పరిచే పనివారికి, గ్రాఫిక్ డిజైనర్లకు ఎంఆర్‌ఐ తీసి పోల్చినప్పుడు లోపలివైపు మెనిస్కస్ చిరుగులు నేల పరిచేవారిలోనే ఎక్కువగా కనిపించాయి.

పని వల్ల వస్తుందన్న నాన్నగారి మాటను చట్టాలు కూడా ఒప్పుకున్నాయి. జర్మనీ 2009లో మోకాలి అరుగుదలను వృత్తి జబ్బుల జాబితాలో చేర్చింది. షరతు ఏమిటంటే పని జీవితంలో మొత్తం 13,000 గంటలు మోకాళ్ల మీద, లేదా అలాంటి భారంలో గడిపి ఉండాలి, షిఫ్టుకు కనీసం గంట ఉండాలి. రోజుకు 3 గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే 17 ఏళ్లు దాటగానే ఆ గీత దాటినట్టే. బ్రిటన్‌లో 20 ఏళ్లు దాటిన కార్పెట్, ఫ్లోరింగ్ పనివారికి, 10 ఏళ్లు దాటిన భూగర్భ బొగ్గు గని పనివారికి ఇది వృత్తి జబ్బు కింద వస్తుంది. కాబట్టి ‘అంతా నీ లావు వల్లే’ అని ఇంట్లో ఎవరూ ఆయన్ని అనకండి. అది నిజం కాదు, పైగా ఆ మాట విన్న మనిషి చెప్పిన ఒక్క జాగ్రత్తా పాటించడు.

ఇప్పుడు పని మానాలా అన్న ప్రశ్న. నా ఉద్దేశంలో పూర్తిగా మానిపించి ఇంట్లో కూర్చోబెట్టడం చెడ్డ నిర్ణయం. ఆరు నెలల్లో తొడ కండరం సన్నబడుతుంది, బరువు మరింత పెరుగుతుంది, మోకాలు ఇంకా నొస్తుంది. మానాల్సింది కొన్ని కదలికలను. అన్నిటికంటే ముందు, మోకాలు మడవడమూ బరువెత్తడమూ ఒకే కదలికలో ఉండకుండా చూడాలి.

దీనికి మొదటి మార్పు సామాను ఉంచే చోటు. పెట్టెలు నేల మీద కాకుండా 70, 80 సెం.మీ. ఎత్తున్న బల్ల మీదో, పేర్చిన దిమ్మెల మీదో దించుకుంటే గొంతుక్కూర్చుని ఎత్తే పని చాలావరకు పోతుంది. ఒక పెట్టె తెరిచి నాలుగైదు టైల్స్ చొప్పున తెచ్చుకోవడం, బస్తాను రెండు బకెట్లుగా విడగొట్టడం, చక్రాల బండి వాడటం సమయం తీసుకుంటాయని పనివారు ఒప్పుకోరు. సాయంత్రం నొప్పితో పని నెమ్మదించే సమయం లెక్కేస్తే పెద్ద తేడా ఉండదు. పై అంతస్తుకు సామాను చేర్చడం ఎవరైనా వయసులో ఉన్నవారికి అప్పగించి, కొలతలు, కోత, లెవల్ చూడటం ఆయన తీసుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. మోయక తప్పనప్పుడు బరువు ఒంటికి ఆనించి, అడుగులు కదిపి తిరగాలి. పాదాలు పాతుకుని నడుము, మోకాలు మెలితిప్పకూడదు.

రెండోది మోకాళ్ల మీద కూర్చునే తీరు. అన్నిటికంటే చెడ్డది మడమల మీద పూర్తిగా కూర్చోవడం. పిక్కల మధ్య పట్టేలా 15 నుంచి 20 సెం.మీ. ఎత్తున్న చిన్న పీట పెట్టుకుని దాని మీద కూర్చుంటే మడత తగ్గుతుంది, బరువూ పీట తీసుకుంటుంది. ఒక మోకాలు కింద, ఒక పాదం ముందుకు వేసి కూర్చునే భంగిమలో రెండు కాళ్లనూ మారుస్తూ ఉండొచ్చు. చక్రాలున్న పొట్టి స్టూలు సరిపోయే పనుల్లో అది వాడాలి. ఏ భంగిమైనా 20 నిమిషాలకు మించి వద్దు. ఆ తర్వాత 5 నిమిషాలు నిలబడి చేసే పని ఏదైనా పెట్టుకోవాలి. టైల్స్ అన్నీ పొద్దునే కోసేసి, తర్వాత గంటల తరబడి నేల మీద కూర్చోవడం కాకుండా, కోత, కలపడం, పరచడం మార్చి మార్చి చేస్తే విరామం దానంతటదే దొరుకుతుంది.

మోకాలి ప్యాడ్ల మీద చాలామందికి అపోహ ఉంది. అవి తప్పక వాడాలి. చర్మం కమిలిపోకుండా, చిప్ప ముందు నీటి సంచి వాయకుండా కాపాడతాయి. కానీ మడతను తగ్గించవు, కాబట్టి మెనిస్కస్‌కు, మృదులాస్థికి అవి ఇచ్చే రక్షణ తక్కువ. ప్యాడ్ కట్టుకున్నాం కదా అని మూడు గంటలు కదలకుండా కూర్చుంటే ప్రయోజనం పోయినట్టే. వెనక పట్టీ మోకాలి గుంటలో బిగుసుకోకుండా చూసుకోవాలి.

లేచే పద్ధతి కూడా నేర్చుకోవాలి. రెండు కాళ్ల మీద ఒకేసారి గొంతుక్కూర్చున్న స్థితి నుంచి లేవడం మాని, ముందు ఒక మోకాలి మీదికి రావాలి, బాగున్న కాలి పాదాన్ని ముందుకు పెట్టాలి, చేతులతో తొడ మీదో గోడ మీదో ఊతం తీసుకుని లేవాలి. చేతిలో ఏమీ ఉండకూడదు. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. బండి మీద నుంచో పరంజా మీద నుంచో దూకడం మాత్రం ఈరోజుతో ఆపేయాలి.

బరువు తగ్గడం గురించి. శారీరక శ్రమ చేసేవారిలో ఒక నమ్మకం బలంగా ఉంటుంది: ‘ఇంత పని చేస్తున్నాను, ఇంకా వ్యాయామం, ఆహార నియమం ఎందుకు’ అని. ఏళ్ల తరబడి అదే పని చేస్తూ అదే 92 కిలోల దగ్గర ఉన్నారంటే, ఖర్చయ్యేంత తింటున్నారనే అర్థం. ఇంకా ఎక్కువ పని చేసి తగ్గిద్దామంటే మోకాలు ఒప్పుకోదు. కాబట్టి మార్పు ప్రధానంగా తిండిలోనే రావాలి. రోజుకు సుమారు 500 కేలరీలు తగ్గిస్తే మొదట్లో వారానికి అరకిలో ప్రాంతం తగ్గుతుంది. తీపి పానీయాలు, మద్యం, రాత్రి ఆలస్యంగా తినే పెద్ద భోజనం, ఈ మూడింటిలోనే చాలామందికి ఆ 500 దొరుకుతాయి. ప్రొటీన్ మాత్రం తగ్గించకూడదు. లేకపోతే కొవ్వుతో పాటు తొడ కండరమూ కరిగిపోతుంది, అది మోకాలికి నష్టం. మూత్రపిండాల జబ్బు లేకపోతే, ఉండాల్సిన బరువును లెక్కలోకి తీసుకుని కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ రోజంతా పంచుకుని తినడం మంచిది.

లక్ష్యం మొదట 5 శాతం, అంటే 87 కిలోల చిల్లర. అక్కడికి వచ్చేసరికే నొప్పిలో తేడా తెలియడం మొదలవుతుంది. 10 శాతం, అంటే 83 కిలోల దగ్గరికి వస్తే, దానికి వ్యాయామం తోడైతే, ఫలితం స్పష్టంగా ఉంటుంది. 2013లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించినవారు 18 నెలల్లో సగటున 11 శాతం బరువు తగ్గారు. ఏదో ఒక్కటే చేసినవారికంటే వీరికి నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. మందుల విషయానికొస్తే, స్థూలకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్నవారికి బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వారానికోసారి ఇచ్చిన పరిశోధన 2024లో వచ్చింది. 68 వారాల్లో సగటున 13.7 శాతం బరువు తగ్గింది, మోకాలి నొప్పి కూడా ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే బాగా తగ్గింది. అందరికీ సరిపడే మందు కాదు, డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. తిండి మార్చినా బరువు కదలకపోతే మాత్రం అడగదగిన మార్గమే.

వ్యాయామం దగ్గర ‘రోజంతా కష్టపడే మనిషికి ఇదెందుకు’ అంటారు. పనిలో కండరం అలసిపోతుందే తప్ప అన్ని కోణాల్లో బలపడదు. పైగా నొప్పి, వాపు ఉన్న కీలు తొడ ముందు కండరాన్ని సరిగా పనిచేయనివ్వదు. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు, అరగంట చాలు. వీలైతే పనికి ముందు, లేదా సెలవు రోజున.

వెల్లకిలా పడుకుని కాలు ఎత్తడంతో మొదలుపెట్టాలి. ఒక మోకాలు మడిచి పాదం నేలకు ఆనించాలి. రెండో కాలు చాచి, వేళ్లు తనవైపుకు లాగి, తొడ బిగించి, తర్వాతే ఎత్తాలి. ఎత్తు మడిచిన మోకాలి ఎత్తు వరకే. 5 సెకన్లు ఆపి, 3 సెకన్లు తీసుకుని నెమ్మదిగా దించాలి. ఎత్తేటప్పుడు మోకాలు కాస్తయినా వంగితే తొడ కండరం పని చేయడం లేదన్నమాట, అప్పుడు ముందు ఊరికే తొడ బిగించి వదలడం వారం రోజులు చేయాలి. 10 చొప్పున మూడు విడతలు సులువైతే చీలమండకు అరకిలో బరువు కట్టాలి.

తర్వాత కుర్చీ నుంచి లేచి కూర్చోవడం. నాకు తెలిసి పనిచేసే మనిషికి ఇంతకంటే ఉపయోగపడేది లేదు. సీటు ఎత్తు 45 సెం.మీ. ఉండాలి. నొప్పి ఉంటే దిండు వేసి పెంచుకోవచ్చు. పాదాలు భుజాల వెడల్పులో, చేతులు ఛాతీ మీద, లేవడం మామూలుగా, కూర్చోవడం 3 సెకన్లు తీసుకుని. మోకాళ్లు లోపలికి ఒకదానివైపు ఒకటి వాలకూడదు, కాలి రెండో వేలి దిశలోనే ఉండాలి. వాలుతున్నాయంటే తుంటి పక్క కండరం బలహీనంగా ఉందని అర్థం. అలాంటప్పుడు పక్కకు పడుకుని పై కాలు ఎత్తే వ్యాయామం, పాదం కొంచెం వెనక్కి ఉంచి, 10 చొప్పున మూడు విడతలు చేర్చాలి. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం 15 చొప్పున రెండు విడతలు.

చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు లోపు ఉంటే, మర్నాటికి మామూలు స్థాయికి వస్తే కొనసాగించవచ్చు. 24 గంటలు దాటినా నొప్పి, వాపు తగ్గకపోతే విడతలు తగ్గించాలి, మానకూడదు. మొదటి రెండు మూడు వారాల్లో ఏ తేడా తెలియక చాలామంది వదిలేస్తారు. ఫలితం 6 నుంచి 12 వారాల్లో వస్తుంది, ఇది ముందే చెప్పి ఉంచండి.

నొప్పికి మొదట పైపూత. డైక్లోఫెనాక్ 1 శాతం జెల్ అయితే మోకాలికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. నోటి మాత్రల్లో ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పనిచేస్తాయి. కానీ ఎండలో చెమటోడ్చే మనిషి రోజూ వేసుకుంటే మూత్రపిండాలకు ప్రమాదం, బీపీ మాత్రలు కూడా వాడుతుంటే ఇంకా ఎక్కువ. కడుపులో పుండ్లు, గుండె జబ్బు ఉన్నవారూ జాగ్రత్తపడాలి. పనికి వెళ్లే ముందు మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా రోజంతా బరువులెత్తడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కీళ్లకు మంచిదని అమ్మే గ్లూకోసమైన్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా వాచి నొస్తున్నప్పుడు కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. ప్రతి 12 వారాలకూ రెండేళ్లు ఇచ్చి చూసిన పరిశోధనలో నొప్పి తగ్గకపోగా మృదులాస్థి మరికాస్త పలచబడింది, కాబట్టి అలవాటుగా వద్దు. చిన్న రంధ్రం చేసి కెమెరా గొట్టం పంపి కీలు లోపల కడిగే ఆపరేషన్ అరుగుదలకు పనిచేయదని 2002లోనే తేలింది. మోకాలికి తొడిగే సాగే పట్టీ, అంటే నీక్యాప్, వెచ్చగా, ధైర్యంగా అనిపిస్తుంది, అంతవరకే. చేతికర్ర మాత్రం నిజంగా భారం తగ్గిస్తుంది. కుడి మోకాలు నొస్తే ఎడమ చేతిలో పట్టుకోవాలి, పిడి మణికట్టు మడత ఎత్తులో ఉండాలి.

మోకాలి మార్పిడి మంచి ఆపరేషనే. పెట్టిన కీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయని అంచనా. కానీ 50ల ఆరంభంలో చేయించుకున్న మగవారిలో జీవితకాలంలో రెండోసారి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం సుమారు 35 శాతం. పైగా కొత్త మోకాలితో మళ్లీ నేల మీద టైల్స్ పనికి వెళ్లడం కష్టం. 52 ఏళ్లకు ఇప్పుడే ఆ మాట ఎత్తకుండా, పైన చెప్పినవి కనీసం ఆరు నెలలు గట్టిగా చేసి చూడటం సరైనది.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఇవేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. మోకాలు ఎర్రగా కాలిపోతూ వాచి జ్వరం రావడం, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, పడిపోయాక కాలు మోపలేకపోవడం, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పెట్టడం, కదలకుండా పడుకున్నా రాత్రంతా తగ్గని నొప్పి, పొద్దున బిగుతు గంటకు పైగా ఉండటం. అరుగుదల వల్ల వచ్చే పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపు వదిలేస్తుంది. ఇంకొకటి: మోకాలిని ఎంత నొక్కినా నొప్పి దొరక్కుండా, గజ్జలోనూ తొడలోనూ నొస్తూ, కాలు లోపలికి తిప్పితే ఎక్కువవుతుంటే తుంటి కీలును కూడా పరీక్షించమని అడగండి. తుంటి నొప్పి మోకాలి దగ్గర తెలియడం కొత్తేమీ కాదు.